తేనెటీగ కుట్టు వైద్యం: ‘ఇన్నాళ్లూ ఏం కాలేదు’ అన్న మాటలో ఉన్న చిక్కు

మా పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు. తెనాలిలో ఉంటుంది, మేడ మెట్లెక్కడం మానేసి మూడేళ్లయింది. పోయిన నెల ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టింది. అందులో ఒకాయన చిన్న చెక్కపెట్టె మూత కాస్త పక్కకి జరిపి, సన్నటి పట్టకారుతో ఒక తేనెటీగను పట్టుకుని, ఎదురుగా కూర్చున్నావిడ మోకాలి చిప్ప పక్కన ఆనించాడు. ఈగ పొట్ట ఒక్కసారి వంగింది. ఆవిడ కళ్లు మూసుకుని ‘స్స్’ అంది. అంతే, ఈగను తీసేశాడు, కొండి మాత్రం చర్మంలోనే ఉండిపోయింది. కింద పెద్దమ్మ మెసేజ్: ‘ముల్లును ముల్లుతోనే తీయాలిరా, పది సిట్టింగులట, వెళ్లనా?’

వద్దు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ మా పెద్దమ్మ ఒక్క ముక్కతో ఊరుకునే మనిషి కాదు, ‘ఎందుకు వద్దో చెప్పు’ అంటుంది. పైగా ఈ విషయంలో అటు వాళ్లు చెప్పేదంతా అబద్ధమూ కాదు, ఇటు భయపెట్టేవాళ్లు చెప్పేదంతా నిజమూ కాదు. రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి చిక్కుముడి పడ్డాయి. నేను చదివినదాన్ని బట్టి ఆ ముడి విప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు ఆ కొండి సంగతి చూద్దాం. పెట్టెల్లో పెంచే తేనెటీగ కొండికి వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి, గాలపు ముల్లులాగా. మన చర్మం సాగుతుంది కాబట్టి దిగిన కొండి వెనక్కి రాదు, ఈగ లాక్కుని పోతే దాని పొట్ట చివరి భాగం తెగి, విషపు సంచితో సహా మన దగ్గరే ఉండిపోతుంది. ఈగ కాసేపట్లో చచ్చిపోతుంది గానీ ఆ సంచి మాత్రం చావదు, దాని కండరాలు తమంతట తాము కొట్టుకుంటూ లోపలికి విషం పంపుతూనే ఉంటాయి. సంచిలో ఉన్నదాంట్లో 90 శాతం మొదటి 20 సెకన్లలోనే దిగిపోతుందని కొలిచి చెప్పారు. అందుకే ఎక్కడైనా ఈగ కుడితే ఏటీఎం కార్డు వెతికి, దాంతో గీకి, ఇలాంటి తతంగం అంతా అనవసరం. గోటితో లాగినా, గీకినా తేడా లేదు, ఎంత త్వరగా తీశామన్నదే లెక్క అని 1996లోనే పరీక్షించి తేల్చారు. కుట్టు వైద్యంలో మాత్రం దీనికి తలకిందులు, కొండిని కావాలనే కొన్ని నిమిషాలు వదిలేస్తారు. అంటే డోసు మొత్తం పడుతుంది. ఒక్కో కుట్టులో 50 నుంచి 140 మైక్రోగ్రాముల దాకా విషం ఉండొచ్చు, ఈగ వయసును బట్టి, జాతిని బట్టి మారుతుంది. మనం బీపీ మాత్ర అయితే 25 మిల్లీగ్రాములా 50 మిల్లీగ్రాములా అని స్ట్రిప్ తిప్పి చూసుకుని మరీ వేసుకుంటాం, ఇక్కడ ఈగ ఎంత ఇస్తే అంత.

ఆ విషం పొడి బరువులో సగం మెలిటిన్ అనే పదార్థం. 26 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, కణాల గోడలకి చిల్లులు పెట్టడం దాని పని, ఆ మంటకి ముఖ్య కారణం అదే. ఇంకో పదో వంతు ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైము, దీని పేరు గుర్తుపెట్టుకోండి, తర్వాత వస్తుంది. హయాలురొనిడేజ్ అని మరొకటి కొద్దిగా ఉంటుంది, అది కణాల మధ్య బంకను కరిగించి మిగతావాటికి దారి చేస్తుంది. అపామిన్ అని నరాల మీద పనిచేసేది ఇంకొకటి.

ఇక్కడే మొదటి చిక్కు. ఈ విషం మనిషికి రెండు దారుల్లో హాని చేస్తుంది, ఆ రెండిటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. మొదటిది విషంగా. దానికి మోతాదు కావాలి. మనిషి కిలో బరువుకి సుమారు 19 కుట్లు పడితే ప్రాణం మీదికి వస్తుందని ఒక అంచనా, అంటే 60 కిలోల మనిషికి వెయ్యి పైచిలుకు (పిల్లలకి, ముసలివాళ్లకి, గుండె జబ్బున్నవాళ్లకి అంతకన్నా చాలా తక్కువే చాలు, కొన్ని వందల కుట్లతో పోయినవాళ్లూ ఉన్నారు). కొండగుట్టల మీద, గుడి గోపురాల దగ్గర పెద్ద తుట్టె కదిలి గుంపంతా మీద పడినప్పుడు జరిగేది ఇదే. కండరాలు కరిగి, ఎర్ర రక్తకణాలు పగిలి, ఆ చెత్తంతా వెళ్లి కిడ్నీలను మూసేస్తుంది. వీడియోలో ఆయన సిట్టింగుకి ఐదో పదో కుట్లు వేస్తాడు. ఆ లెక్కన ‘ప్రాణం తీసే డోసులో ఒక శాతం కూడా కాదు’ అని అతను చెబితే, లెక్క తప్పేం కాదు. తప్పు ఎక్కడుందంటే, కుట్టు వైద్యంలో మనుషులు పోయేది ఈ దారిలో కాదు.

రెండో దారి ఎలర్జీ. దీనికి మోతాదుతో పెద్దగా పని లేదు. ఒక్క కుట్టు చాలు.

మొదటిసారి విషం లోపలికి వెళ్లినప్పుడు చాలామందిలో జరిగేది వాపు, మంట, దురద, రెండు రోజుల్లో తగ్గిపోతాయి. కానీ కొందరి ఒంట్లో ఆ సమయంలో కనపడకుండా ఒక పని జరుగుతుంది. రోగనిరోధక వ్యవస్థ ఆ విషంలోని ప్రొటీన్లను (ముఖ్యంగా ఇందాక చెప్పిన ఫాస్ఫోలైపేజ్) శత్రువులుగా రాసిపెట్టుకుని, వాటికోసం ఐజీఈ అనే రకం యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి వెళ్లి చర్మంలో, పేగుల్లో, ఊపిరితిత్తుల్లో, గుండె చుట్టూ ఉండే మాస్ట్ కణాల మీద (ఎలర్జీ రసాయనాలను దాచుకుని ఉండే కణాలు) కూర్చుంటాయి. బయటికి ఏ లక్షణమూ ఉండదు, తుపాకీలో గుండు పెట్టి ఉంచినట్టు. మళ్లీ ఎప్పుడో కుట్టు పడుతుంది, ఆ కణాలన్నీ ఒక్కసారే పేలి హిస్టమిన్‌నీ ఇంకా నానా రసాయనాలనీ రక్తంలోకి వదిలేస్తాయి. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలూ నాలుకా వాపు, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, వాంతి, బీపీ పడిపోవడం. దీన్నే అనాఫిలాక్సిస్ అంటారు. కొందరిలో దద్దుర్లు కూడా రావు, నేరుగా కళ్లు తిరిగి పడిపోతారు.

ఇప్పుడు ఆలోచించండి, కుట్టు వైద్యం అంటే ఏమిటి? వారాల తరబడి, నెలల తరబడి, విరామాలిచ్చి మళ్లీ మళ్లీ ఆ ప్రొటీన్లను శరీరానికి పరిచయం చేయడం. ఎలర్జీ రావాలంటే ఏం జరగాలో అచ్చంగా అదే. ‘నాకు ఇప్పటికి పదిసార్లు కుట్టించారు, ఏం కాలేదు’ అని ఎవరైనా అంటే, అది పదకొండోసారికి హామీ కాదు. ఆ పదిసార్లలో ఏదో ఒకటి గుండు పెట్టిన కుట్టు అయి ఉండొచ్చు.

ఇది ఊహ కాదు. మాడ్రిడ్‌లోని రామోన్ ఇ కహాల్ ఆసుపత్రి డాక్టర్లు 2018లో ఒక కేసును ఎలర్జీ వైద్యుల పత్రికలో రాశారు. 55 ఏళ్ల ఆవిడ, కండరాలు పట్టేయడానికీ ఒత్తిడికీ నాలుగు వారాలకోసారి బతికున్న తేనెటీగలతో కుట్టించుకునేది. రెండేళ్లుగా. ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు, ఉబ్బసం లేదు, గుండె జబ్బు లేదు, ఇంతకుముందు ఎలర్జీ లేదు. ఒక సిట్టింగులో కుట్టిన వెంటనే ఆయాసం, పిల్లికూతలు, స్పృహ తప్పిపోవడం. అక్కడ స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చారు. అడ్రినలిన్ లేదు. అంబులెన్సు రావడానికి 30 నిమిషాలు పట్టింది. మెదడుకి రక్తం అందక కోమాలోకి వెళ్లి, కొన్ని వారాల తర్వాత అవయవాలన్నీ ఒక్కొక్కటిగా విఫలమై చనిపోయింది. అదే ఏడాది దక్షిణ కొరియాలో, బుచ్చన్ నగరంలో, నడుంనొప్పి కోసం వెళ్లిన ఒక స్కూలు టీచరు (ఇంకా ముప్పైల్లోనే ఉంది) తేనెటీగ విషం ఇంజక్షన్ తర్వాత ఇలాగే పోయింది. అక్కడ ఈగ కాదు, శుద్ధి చేసి తీసిన విషం, సూదితో ఇచ్చినది. పక్క క్లినిక్‌లోంచి సాయానికి పరుగెత్తుకొచ్చిన డాక్టరు మీద కూడా కుటుంబం కేసు వేసింది, ఆయన తప్పు లేదని చివరికి కోర్టు తేల్చింది.

దీనికి అందరూ అడిగే ఎదురు ప్రశ్న ఒకటుంది: మరి తేనెటీగలు పెంచేవాళ్లకి రోజూ కుడతాయి కదా, వాళ్లెందుకు బాగున్నారు? మంచి ప్రశ్న. ఏడాదికి 200 పైన కుట్లు పడే పెంపకందార్లలో శరీరం క్రమంగా ఐజీజీ4 అనే ఇంకో రకం యాంటీబాడీలు పెంచుకుంటుంది, అవి విషాన్ని మధ్యలోనే అడ్డుకుంటాయి. తీవ్రమైన రియాక్షన్లు ఎక్కువగా కనిపించింది ఏడాదికి 25 కన్నా తక్కువ కుట్లు పడేవాళ్లలో. అంటే అప్పుడప్పుడు, అంతరాలతో. నెలకోసారి వెళ్లే సిట్టింగులు, ఒక్కోసారి పది కుట్లు పడినా, ఆ 200కి చేరవు, మధ్యలో అంతరాలూ ఉండనే ఉంటాయి. పైగా రియాక్షన్ వచ్చినవాళ్లు పెంపకం మానేస్తారు, మనకి కనిపించేవాళ్లంతా తట్టుకుని మిగిలినవాళ్లే.

తమాషా ఏమిటంటే, తేనెటీగ విషాన్ని మందుగా వాడి పక్కాగా ఫలితం చూపించిన వైద్యం ఒకటి నిజంగానే ఉంది. అది తేనెటీగ ఎలర్జీకే. శుద్ధి చేసిన విషాన్ని మైక్రోగ్రాములో పదో వంతో ఇంకా తక్కువో మోతాదుతో మొదలుపెట్టి, మెల్లగా 100 మైక్రోగ్రాముల దాకా, అంటే ఇంచుమించు ఒక కుట్టు దాకా పెంచుకుంటూ పోతారు. ఆ తర్వాత మూడు నుంచి ఐదేళ్లు నెలకో ఆరు వారాలకో ఒక ఇంజక్షన్. ఆసుపత్రిలో, పక్కన అడ్రినలిన్ పెట్టుకుని, ఇచ్చాక అరగంటైనా కూర్చోబెట్టి గానీ పంపరు. ఒక కుట్టుతో సమానమైన విషానికి చేరడానికి ఎలర్జీ స్పెషలిస్టులు అన్ని జాగ్రత్తలు తీసుకుంటుంటే, చెక్కపెట్టె ఆయన మొదటి రోజే రెండో మూడో కుట్లతో మొదలుపెడతాడు. ముల్లును ముల్లుతో తీయడం అంటే నా దృష్టిలో అది, ఇది కాదు.

సరే, ప్రమాదం ఉంది, కానీ ఫలితమూ అంత గొప్పగా ఉంటే రిస్కు తీసుకోవచ్చు కదా, ఆపరేషన్లో రిస్కు లేదా అని అడగొచ్చు. అడగాలి కూడా.

ఈ వైద్యానికి ఆధునిక కాలంలో తాతలాంటివాడు ఫిలిప్ టెర్చ్ అనే డాక్టరు, ఇప్పటి స్లొవేనియాలోని మారిబోర్‌లో ఉండేవాడు. కుట్లకీ కీళ్లవాతానికీ సంబంధం ఉందని 1888లో వియన్నా వైద్య పత్రికలో రాశాడు. ఆయన పుట్టిన మార్చి 30నే ఇప్పుడు తేనెటీగ వైద్యం దినంగా జరుపుకుంటారు. ఆ తర్వాత వందేళ్లకి పైగా దీన్ని నమ్మినవాళ్లు చాలామంది, సరిగ్గా పరీక్షించినవాళ్లు చాలా తక్కువమంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి (మెదడు, వెన్నుపాములో నరాల పైపొర దెబ్బతినే జబ్బు) ఇది అద్భుతమని బాగా ప్రచారం జరిగింది. 2005లో నెదర్లాండ్స్‌లో 26 మంది రోగుల మీద పరీక్షించారు, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 20 కుట్ల వరకూ, 24 వారాల పాటు. ఎంఆర్ఐలో మచ్చలు తగ్గలేదు, నీరసం తగ్గలేదు, నడక మెరుగవలేదు. పార్కిన్సన్స్‌కి (వణుకుడు జబ్బు) ప్యారిస్‌లో 2016లో వెలువడిన ప్రయోగం, 40 మంది, 11 నెలలు, సగం మందికి విషం, సగం మందికి ఉప్పునీరు. రెండు గుంపులకీ తేడా రాలేదు.

మోకాళ్లు, నడుము, భుజం పట్టేయడం, వీటికి మాత్రం కొరియా ప్రయోగాల్లో కొంత ఉపశమనం కనిపించిన మాట నిజం. కానీ చిన్నచిన్న ప్రయోగాలు, పైగా ఒక మౌలికమైన ఇబ్బంది ఉంది: విషం పడితే మండుతుంది, దురద పెడుతుంది, ఉప్పునీరైతే అలా ఉండదు. తనకి ఏది ఇచ్చారో రోగికి తెలిసిపోతుంది. ‘నాకు అసలు మందు పడింది’ అనుకున్నవాడికి నొప్పి తగ్గినట్టు అనిపించడం పెద్ద వింత కాదు, నొప్పి అలాంటిది. ఇంకా, జంతువుల్లో ఈ విషం శరీరం సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్‌ను పెంచుతుందని చూశారు, ఆ దారిలో కొన్నాళ్లు వాపు తగ్గొచ్చు. అంటే మా పెద్దమ్మ స్నేహితురాలు ఎవరో ‘నాకు తగ్గింది’ అంటే ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. అరిగిపోయిన మృదులాస్థి మాత్రం మళ్లీ మొలవదు.

క్యాన్సర్ సంగతి కూడా చెప్పి వదిలేస్తాను, వాట్సాప్‌లో తిరుగుతోంది కాబట్టి. 2020లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో కియారా డఫీ అనే పరిశోధకురాలి బృందం తేనెటీగ విషం, మెలిటిన్ కొన్ని మొండి రొమ్ము క్యాన్సర్ కణాలను చంపుతాయని చూపించింది. గాజు పాత్రలో, ఎలుకల్లో. మంచి పరిశోధనే. కానీ కణాల గోడకి చిల్లులు పెట్టేది గాజు పాత్రలో కణాలను చంపడం ఆశ్చర్యం కాదు, దాన్ని మనిషిలో కణితి దగ్గరికే చేర్చి మిగతా ఒంటిని వదిలేయమనడం ఎలాగన్నదే అసలు సమస్య. మోచేతి మీద ఈగతో కుట్టించుకోవడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

దుష్ప్రభావాల లెక్కలకొస్తే, 2015లో 145 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష ఉంది. వాటిల్లో చికిత్స రికార్డులు చూసిన అధ్యయనాల్లో ఏదో ఒక ఇబ్బంది కనిపించిన రోగుల శాతం మధ్యస్థంగా 29కి దగ్గర, ఉప్పునీటి ఇంజక్షన్‌తో పోలిస్తే ముప్పు దాదాపు మూడున్నర రెట్లు. ఎక్కువ భాగం దురదలూ వాపులే, నిజమే. కానీ కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి, ఎలర్జీ దెబ్బకి గుండె రక్తనాళాలు బిగుసుకుని గుండెపోటు వచ్చిన కేసులూ ఉన్నాయి. నాకు మరీ చిరాకు తెప్పించేది ఏమిటంటే, చేయి మొత్తం ఉబ్బిపోయి జ్వరంలాగా వస్తే ‘పనిచేస్తోందనడానికి అదే గుర్తమ్మా, లోపలి చెడంతా బయటికొస్తోంది’ అని చెప్పే అలవాటు. కుట్టినచోట పది సెంటీమీటర్లు దాటి ఉబ్బి రెండు రోజులు నిలిచిందంటే శరీరం ఎలర్జీ దారి పట్టిందని అర్థం, అది వైద్యం ఫలించడం కాదు. హెచ్చరికనే శుభవార్తగా చెబుతున్నారన్నమాట.

‘ముందు ఒక చిన్న కుట్టుతో టెస్టు చేసే మొదలుపెడతాం’ అంటారు. ఆ టెస్టు ఈరోజు సంగతి చెబుతుంది, ఎనిమిదో సిట్టింగు నాటికి మీ ఒంట్లో ఏం తయారవుతుందో చెప్పదు. మాడ్రిడ్ ఆవిడకి రెండేళ్ల టెస్టు జరిగింది. ‘చిన్నప్పుడు కందిరీగ కుట్టింది, సున్నం రాస్తే పోయింది’ అన్నది అసలు లెక్కలోకే రాదు, కందిరీగ విషంలో ప్రొటీన్లు చాలావరకు వేరు.

ఇక మా పెద్దమ్మ విషయంలో నాకు అసలు టెన్షన్ పుట్టించింది వేరే. ఆవిడ బీపీకి అటెనొలాల్ వేసుకుంటుంది. ఇది బీటా బ్లాకర్. అనాఫిలాక్సిస్ వచ్చినప్పుడు ప్రాణం కాపాడే మందు అడ్రినలిన్ ఒక్కటే, అది ఏ తలుపులు తట్టి పనిచేస్తుందో ఆ తలుపులకే బీటా బ్లాకర్ గడియ పెట్టి ఉంచుతుంది. మందు ఇచ్చినా సరిగ్గా పట్టకపోవచ్చు. మోకాళ్ల నొప్పులతో ఈ వైద్యానికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే, వాళ్లలో ఎంతమంది ఇలాంటి మాత్రల మీద ఉంటారో మన ఇళ్లలో చూసుకుంటే తెలుస్తుంది. మాత్ర మానేసి కుట్టించుకుంటాను అనడం ఇంకా ప్రమాదం.

అడ్రినలిన్ గురించి ఇంకొక్క మాట, ఎందుకంటే మన ఊళ్లలో ఎలర్జీ అనగానే చేసేది అవిల్ (హిస్టమిన్‌ను అడ్డుకునే మందు), డెక్సా (స్టెరాయిడ్). రెండూ కలిపి ఒక ఇంజక్షన్, ఇంటికి పంపేయడం. దద్దుర్లకి అది చాలు. పడిపోతున్న బీపీని, మూసుకుపోతున్న గొంతును అవి పట్టించుకోవు, డెక్సా పనిచేయడానికే గంటలు పడుతుంది. మాడ్రిడ్‌లో ఇచ్చిందీ ఆ కోవదే. పెద్దవాళ్లకి అడ్రినలిన్ అర మిల్లీగ్రాము, తొడ బయటివైపు కండలోకి, వెంటనే, అది పద్ధతి. ఖరీదైనదేం కాదు, చిన్న గాజు ఆంపూల్. విదేశాల్లో జేబులో పెట్టుకు తిరిగే పెన్నులాంటి ఇంజక్షన్ మన మెడికల్ షాపుల్లో మామూలుగా దొరకదు. బ్రిటన్‌లో ఇలాంటి మరణాలను పరిశీలించినప్పుడు, పురుగు కుట్టిన కేసుల్లో గుండె ఆగడానికి పట్టిన సమయం మధ్యస్థంగా 15 నిమిషాలని తేలింది. 108కి ఫోన్ చేయాల్సిందే, కానీ ఆ 15 నిమిషాలు అక్కడున్న మనిషి చేతిలో ఉంటాయి. ఈలోగా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. ఊపిరాడకపోతే కూర్చోబెట్టొచ్చు గానీ లేపి నడిపించకూడదు, బీపీ పడిపోయినవాళ్లు లేచి నిలబడగానే గుండె ఆగిపోయిన సందర్భాలున్నాయి.

ఇదంతా పెద్దమ్మకి ఫోన్లో చెప్పాను, ఇంత వివరంగా కాకపోయినా. ‘సరే, వాళ్లకే ఫోన్ చేసి ఒక్కటి అడుగు, అడ్రినలిన్ ఇంజక్షన్ పెట్టుకున్నారా, అది చేయడం ఎవరికొచ్చు అని’ అన్నాను. అడ్రినలిన్ అన్న మాట నాచేత రెండుసార్లు చెప్పించుకుని క్యాలెండర్ వెనక రాసుకుంది. సాయంత్రం తనే చేసింది.

‘అడిగానురా. మా దగ్గర ఇంగ్లిష్ మందులు ఉండవమ్మా, అంతా నేచురలే అన్నాడు.’

‘మరి?’

‘మరేముంది, వద్దనుకున్నా. ఈగని తెచ్చి కుట్టించేవాడు మందు మాత్రం పెట్టుకోడా, అదేం చోద్యం?’

మర్నాడు పొద్దున గ్రూపులో ఇంకో వీడియో వచ్చింది. జిల్లేడాకుకి ఆముదం రాసి, పెనం మీద వెచ్చచేసి మోకాలికి కట్టుకోవడం. ‘దీనికేమంటావ్?’ అని అడిగింది.